ఆటల మేడమ్‌ని అడగండి: లెక్కల సారు ఎత్తుకుపోయిన పీరియడ్

(హనుమకొండ, వరంగల్ పల్లెల్లోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరైన మేడమ్, పిల్లల ఆటల గురించి, ఒంటి ఆరోగ్యం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మేడమ్, మా బాబు ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి. స్కూలుకు మూడంతస్తుల బిల్డింగ్, కింద పార్కింగ్ తప్ప గ్రౌండ్ లేదు. టైంటేబుల్లో వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు ఉన్నాయి గానీ వాటిలో లెక్కల సారు స్లిప్ టెస్టులు పెడుతున్నారు. అడిగితే "వచ్చే ఏడు టెన్త్ కదమ్మా" అన్నారు. ఆ మాటా నిజమే అనిపిస్తోంది. ఇంటికొచ్చాక ట్యూషన్, తర్వాత ఫోన్. ఆటలు లేకపోతే నిజంగా అంత నష్టమా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: నష్టమే అమ్మా. లెక్కల్లో కూడా నష్టమే, అందుకే ఆ సారుకు అర్థమయ్యే సంగతితోనే మొదలుపెడతాను. ఒక ఇరవై నిమిషాలు చురుగ్గా నడిచొచ్చి కూర్చున్న పిల్లలకు, అంతసేపూ కూర్చునే ఉన్న పిల్లలకంటే చేసే పని మీద ధ్యాస బాగా నిలుస్తుందని పరిశోధనల్లో తేలింది. అంతదాకా పోనక్కర్లేదనుకోండి. మధ్యాహ్నం తిన్నాక మొదటి పీరియడ్లో ఏ తరగతిలోకైనా తొంగిచూడండి, సగం మంది కళ్లు మూతలు పడుతుంటాయి. ఆ తరగతికి స్లిప్ టెస్టు పెట్టి సారు ఏం సాధిస్తారో నాకైతే తెలియదు.

ఇక ఒంటి సంగతి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలని, వారంలో కనీసం మూడు రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గెంతడం, ఎక్కడం, పరుగెత్తడం అన్నీ అందులోకే వస్తాయి. అంటే వారానికి ఏడు గంటలు. రెండు గేమ్స్ పీరియడ్లూ పూర్తిగా దొరికినా గంటన్నర దాటదు. అసలే చాలని ఆ కాస్తా కూడా గుంజుకుంటున్నారన్న మాట.

మీ బాబు వయసులో ఇది మరీ ముఖ్యం. పిల్లలు సర్రున పొడుగయ్యే రెండేళ్లు ఉంటాయి చూడండి, ఆడపిల్లలకు పన్నెండు పదమూడు, మగపిల్లలకు పద్నాలుగు అటూ ఇటూ. పెద్దయ్యాక ఉండే ఎముక బలంలో దాదాపు పావు వంతు ఆ రెండేళ్లలోనే చేరుతుంది. టెన్త్ అయ్యాక చూద్దాం, ఇంటర్ అయ్యాక చూద్దాం అంటూ పోతే ఎముకలకు సప్లిమెంటరీ పరీక్ష పెట్టరు. కళ్ల సంగతి కూడా చెప్పాలి. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలోనే రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే, ఆ పీరియడ్ లేని బడుల్లో నూటికి 39 మందికి పైగా దూరపు చూపు మందగించింది. ఉన్న బడుల్లో అది 30 దగ్గర ఆగింది. 2015లో వచ్చిన ఫలితాలివి. మన ప్రైవేటు స్కూళ్లలో ఏ తరగతిలోనైనా కళ్లజోళ్లు లెక్కపెట్టి చూడండి.

ఏం చేయాలంటారా? పొద్దున అరగంట మీ చేతిలో ఉంది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద, భద్రకాళి బండ్ మీద తెల్లారేసరికి ఎంతమంది నడుస్తుంటారో మీకు తెలుసు. అందరూ షుగరో బీపీయో వచ్చాక డాక్టరు చెబితే బయల్దేరినవాళ్లే, పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. బాబును వెంట తీసుకెళ్లండి. అతను మీతో నడవడు, సిగ్గు. మీకంటే ముందు పరుగెత్తుతాడు, మనకు కావాల్సిందీ అదే. ఒక ఆదివారం జేఎన్‌ఎస్ స్టేడియానికి తీసుకెళ్లి ట్రాక్ చూపించండి. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ ఇక్కడే జరిగాయి. హర్మిలన్ బైన్స్ అనే అమ్మాయి 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేరున ఉన్న జాతీయ రికార్డును ఈ ట్రాక్ మీదే దాటింది. మన ఊళ్లో ఇది జరిగిందని టెన్త్ పిల్లల్లో ఎంతమందికి తెలుసంటారు?

సాయంత్రం స్కూలుకు, ట్యూషన్‌కు మధ్య అరగంట గ్యాప్ పెట్టించండి. గల్లీలో షటిలైనా సరే, సైకిలైనా సరే. ఫోన్ ఆ తర్వాతే. ఇక స్కూలుకు ఒక్కరే వెళ్లకండి, ఒక్కరైతే "చూద్దాం అమ్మా" అని పంపిస్తారు. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండి తీరాలి. గ్రౌండ్ రేపటికి రేపు పుట్టదు, నిజమే. కానీ ఆ పార్కింగ్‌లో రెండు టెన్నికాయిట్ రింగులు, పది స్కిప్పింగ్ తాళ్లు చాలు, నలభై నిమిషాలు చెమట పట్టించడానికి.

ప్రశ్న: మేడమ్, నేను ములుగు జిల్లాలో పీఈటీగా చేరి ఏడాదైంది. బడిలో మూడు వందల దాకా పిల్లలున్నారు. సామాను అంటే రెండు వాలీబాళ్లు (ఒకటి పంక్చర్), ఒక క్రికెట్ బ్యాటు. పీరియడ్లో ఆడేవాళ్లు పదిమంది, చూసేవాళ్లు నలభై మంది. ప్రేయరు, బెల్లు, మధ్యాహ్న భోజనం లైన్లు అన్నీ నా డ్యూటీయే. ఎట్ల చేయాలె?
– ఒక పీఈటీ

జవాబు: తమ్ముడూ, బెల్లు కొట్టే డ్యూటీ నేనూ చేశాను, దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం. "ఆడేవాళ్లు పదిమంది, చూసేవాళ్లు నలభై" అని రాశావు చూడు, ముందు అది తిరగబడాలి. వాలీబాల్ నెట్ కట్టిన ప్రతి బడిలోనూ ఇదే జరుగుతుంది. ఆట వచ్చినవాళ్లే ఆడతారు, ఆట రానివాళ్లు చెట్టు కింద మట్టిలో గీతలు గీస్తారు. ఐదేళ్లు అట్లా గీతలు గీసి టెన్త్ దాటిపోయే పిల్లలుంటారు. నీ ఉద్యోగం వాళ్ల కోసమే అనుకో. ఆడేవాళ్లు నువ్వు లేకపోయినా ఆడతారు.

సామాను లేదన్న బాధ సగం వదిలెయ్. ఖోఖోకు ఏం కావాలి? రెండు పోళ్లు, సున్నం. ఒక జట్టులో తొమ్మిది మంది ఆడతారు, కానీ పిల్లలకు ఐదుగురు కూర్చునే చిన్న ఖోఖోలు మూడు పక్కపక్కనే పెట్టుకోవచ్చు, ఎవరూ ఖాళీగా ఉండరు. చిన్న కబడ్డీ కోర్టుకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలు. రెండు గీస్తే ఒకేసారి 28 మంది. ప్రేయరుకు ముందే సున్నం వేసి పెట్టుకో, పీరియడ్ మొదలయ్యాక గీతలు గీస్తూ కూర్చుంటే పది నిమిషాలు నేలపాలు. అటెండెన్స్ కూడా లైన్లో నిలబెట్టి తీయకు, నేల-బండ ఆడుతుంటే లెక్కపెట్టుకో, అదే వార్మప్ కూడా.

వారానికి ఒకరోజు నాలుగు మూలల పద్ధతి పెట్టు. ఒక మూల స్కిప్పింగ్, ఒక మూల నిలబడి ముందుకు దూకడం, ఒక మూల పది మీటర్ల షటిల్ పరుగు, ఒక మూల బరువు విసరడం. ఆరు నిమిషాలకోసారి విజిల్, అందరూ పక్క మూలకు మారాలి. తాళ్లకు కిరాణా కొట్లో నైలాన్ తాడు కొని కోసుకో. ఆ పంక్చరైన బాల్లో ఇసుక నింపి కుట్టించు, మెడిసిన్ బాల్ తయారు. రిలేకు వెదురు ముక్కలు చాలు.

జట్లు ఎట్లా వేస్తున్నావో రాయలేదు. ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి "నీకెవరు కావాలి" అని అడిగే పద్ధతి ఉంటే ఈ రోజే మానెయ్. చివరికి మిగిలే పిల్లలు ఎప్పుడూ వాళ్లే ఉంటారు. లావుగా ఉన్నవాడు, బక్కగా ఉన్న పిల్ల, కళ్లజోడు పిల్లవాడు. క్లాసంతా చూస్తుండగా వారానికి రెండుసార్లు వాళ్లను వేలం వేసినట్టే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు చెప్పించి జట్లు వెయ్.

9 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలున్నాయి కదా: ఎత్తు, బరువు చూసి బీఎంఐ, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, 30 సెకన్లలో కర్ల్-అప్‌లు, పుష్-అప్‌లు. వాటిని ఆన్‌లైన్‌లో నింపేసి చేతులు దులుపుకోకు. ప్రతి పిల్లకూ నోటుబుక్‌లో ఒక పేజీ పెట్టు. బరువు పైకి చదవకు, చెవిలో కూడా చెప్పకు, రాసుకో. ర్యాంకులు వేయకు. మా బడిలో ఒక పిల్లవాడు 600 మీటర్లు మొదటిసారి పూర్తిగా నడిచే చేశాడు, అదీ మధ్యలో చెప్పు జారిందని రెండుసార్లు ఆగి. తర్వాతి టర్మ్‌లో సగం పరుగెత్తాడు. క్లాసులో అప్పుడూ చివరే వచ్చాడు. కానీ పుస్తకంలో తన పాత టైము, కొత్త టైము పక్కపక్కన చూసుకుని ఆ పేజీ నకలు రాసిస్తారా అని అడిగాడు, ఇంట్లో చూపించడానికి.

ఇంకొకటి. పరుగు, గుంజీలు శిక్షగా వేయొద్దు. నువ్వు వేయకపోయినా స్టాఫ్‌రూంలో "ఎక్కాలు రాలేదా, గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టు" అని పంపేవాళ్లుంటారు. పిల్లలను శారీరకంగా శిక్షించడం చట్టం ప్రకారమే తప్పని మర్యాదగా గుర్తుచెయ్. నీ పాఠాన్ని ఇంకొకరు శిక్షగా వాడుకుంటుంటే ఊరుకోవడమేంటి? తెలుగు సారు పద్యాన్ని అట్లా వాడుకోనిస్తారా?

లెక్కల సారు పీరియడ్ అడిగితే పోట్లాడకు, నీ నోటుబుక్ ఇచ్చిరా. క్లాసు 50 మీటర్ల టైములన్నీ ఉంటాయి, సగటు కట్టించమను, గ్రాఫు గీయించమను. మా బడిలో ఇది పనిచేసింది. ఆ సారు తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని గ్రౌండులోకి కూడా వచ్చేవారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు వెళ్లే అండర్-14, అండర్-17 టీముల ప్రాక్టీసు బడి వదిలాకో, పొద్దున్నో పెట్టుకో. మెడల్స్ ఎన్నొచ్చాయని హెచ్‌ఎం అడుగుతారు, అడగనీ. టీము పన్నెండు మందిది, పీరియడ్ మూడు వందల మందిది. బెల్లు మాత్రం పదో తరగతి పిల్లలకు వంతులవారీగా అప్పగించు, ఎంత సంతోషంగా కొడతారో చూడు.

ప్రశ్న: మేడమ్, నేను ఎనిమిదో తరగతి. డేట్ వచ్చిన రోజుల్లో గ్రౌండుకు పోవద్దని మా అమ్మ అంటుంది. మామూలు రోజుల్లో కూడా ఒక రౌండ్ కొడితే కళ్లు తిరుగుతాయి. అందరూ బద్ధకం అంటున్నారు. నాకు కబడ్డీ ఇష్టం.
– ఒక విద్యార్థిని, పరకాల

జవాబు: బిడ్డా, కళ్లు తిరగడం బద్ధకం కాదు. ముందు మీ దగ్గరి ప్రభుత్వ దవాఖానలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. నీ వయసుకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్టు. నువ్వొక్కదానివే కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. రక్తం తక్కువైతే ఒంటికి ప్రాణవాయువు సరిగా అందదు, రౌండ్ కొడితే కళ్లు తిరగవా మరి?

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలీని కిటికీలోంచి పారేసేవాళ్లను నేను చాలామందిని పట్టుకున్నాను. నువ్వు పారేయకు. తిన్న తర్వాత వేసుకో, కడుపులో తిప్పడం తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడకు. గోలీ వేసుకున్నాక చాయ్ తాగకు, జామకాయో నిమ్మరసమో తీసుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల గోలీ కూడా వదిలిపెట్టకు. పొద్దున ఖాళీ కడుపుతో బడికి రాకు, ఏమీ లేకపోతే రాత్రి మిగిలిన రొట్టె అయినా తిను. పల్లీలు-బెల్లం, ఆకుకూర పప్పు, మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, ఇవేవీ వద్దనకు.

ఇక మీ అమ్మ మాట. అమ్మను తప్పుపట్టను, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఆడదానివి, విజిల్ ఊదుతవా బిడ్డా" అని ఊళ్లో ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. రెండేళ్లకు వాళ్ల మనవరాళ్లే నా టీములో ఆడారు. ఈ పేజీ అమ్మకు చూపించు. నెలసరి రోజుల్లో ఆడితే ఏ హానీ లేదు. కొందరికి కాస్త నడిస్తే, కదిలితే కడుపునొప్పి తగ్గుతుంది కూడా. మరీ నొప్పిగా ఉన్న రోజు ఊరుకో, అది నీ ఇష్టం, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ప్రతి నెలా మంచం దిగలేనంత నొప్పి ఉన్నా, రక్తం ఎక్కువగా పోతున్నా డాక్టరమ్మకు చూపించుకోవాలి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. ఆ పోటీల తేదీలు ఎవరి నెలసరినీ అడిగి పెట్టినవి కావు.

ఒక మాట మీ హెచ్‌ఎం గారికి కూడా: ఆడపిల్లలకు ముదురు రంగు ట్రాక్ ప్యాంటు వేసుకోనివ్వండి, బాత్రూంలో నీళ్లుండేలా చూడండి. గ్రౌండుకు రాకుండా ఆగిపోయే పిల్లల్లో సగం మంది ఈ రెండింటి దగ్గరే ఆగుతున్నారు.

ప్రశ్న: నాకు పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. జిమ్‌కు పోతే పొడుగు ఆగిపోతుందని నాన్న అంటున్నారు. ప్రొటీన్ పౌడర్ తాగకపోతే వేస్ట్ అని జిమ్‌లో అన్న అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక విద్యార్థి, జమ్మికుంట

జవాబు: ఇద్దరిదీ వినకు. తెలిసినవాళ్లు దగ్గరుండి నేర్పితే బరువులతో చేసే వ్యాయామం వల్ల పొడుగు ఆగదు. ఫోన్లో వీడియో చూసి, ఫ్రెండ్స్ ముందు ఎత్తలేని బరువు ఎత్తబోతే నడుము పడుతుంది. ముందు నీ ఒంటి బరువుతో పుష్-అప్‌లు, పుల్-అప్‌లు, బైఠక్‌లు సరిగ్గా చేయడం నేర్చుకో. నీ వయసుకు రోజుకు 55 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, అర లీటరు పాలల్లో పదహారు, మిగతాది పప్పు, శనగలు, పల్లీలు, ఇంట్లో తింటే చికెన్. డబ్బా డబ్బులతో మంచి షూ కొనుక్కో.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. మాటలు, చదువు నెమ్మది. బడిలో మిగతా పిల్లలు వెక్కిరిస్తారని ఆటల పీరియడ్లో క్లాసులోనే కూర్చోబెట్టమని మేమే చెప్పాం. పరుగు మాత్రం బాగా పెడుతుంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: అన్నా, ముందు ఆమెను ఆ గదిలోంచి బయటికి రానివ్వండి. మీకు పక్కనే పర్వతగిరి మండలం కల్లెడ. ఆ ఊరి జీవంజి దీప్తిని కూడా చిన్నప్పుడు ఇట్లాగే వెక్కిరించారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ పారా చాంపియన్ అయింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆమె పరుగెత్తిన విభాగం టీ20, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టింది. అట్లాంటి విభాగం ఒకటుందని తెలియక ఎంతమంది పిల్లలు మన ఊళ్లలో వరండాల్లో కూర్చుని ఉంటారో అని నాకు బెంగ.

అయితే రేపట్నుంచే పాపను దీప్తిని చేయాలని కూర్చోకండి. పతకం రాకపోయినా ఆమెకు ఆటలు కావాలి. వంతు వచ్చేదాకా ఆగడం, విజిల్‌కు స్పందించడం, పక్కవాళ్ల చేయి పట్టుకోవడం ఇట్లాంటి పిల్లలకు గ్రౌండులో తొందరగా వస్తాయి. పీఈటీతో మాట్లాడండి. ఒకేసారి ఒకే మాట చెప్పమనండి, చేసి చూపించమనండి, ఓపిక ఉన్న ఒక పిల్లను తోడివ్వమనండి. రిలేలో రెండో పరుగు ఇస్తే బాగుంటుంది, ముందూ వెనకా ఉన్నవాళ్లు చూసుకుంటారు. ఫిట్స్ లాంటివి ఉన్నాయేమో డాక్టరును ఒకసారి అడిగి, ఉంటే ఆ సంగతి పీఈటీకి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి, చాలా హుషారు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో వేయాలని ఉంది. ఎట్లా?
– ఒక తండ్రి, హుజూరాబాద్

జవాబు: నాలుగో తరగతిలోనే తీసుకుంటారు, కాబట్టి ఇదే సమయం. హకీంపేటతో పాటు మీకు దగ్గరలో కరీంనగర్‌లో, ఇంకా ఆదిలాబాద్‌లో కూడా క్రీడా పాఠశాలలున్నాయి. ఎంపికలు మండలం, జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో జరుగుతాయి. ఎత్తు, బరువు చూస్తారు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందే పరుగందుకుని గీత దాటే పరుగు), 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి ముందుకు దూకడం, పైకి ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, వంగే గుణం ఇవన్నీ పరీక్షిస్తారు. వయసు కాగితాలు సరిగ్గా పెట్టుకోండి, తేదీలు జిల్లా క్రీడాశాఖ ఆఫీసులో అడగండి. ఇప్పటినుంచే ఒక్క ఆటకే కోచింగ్ పెట్టకండి, ఎనిమిదేళ్లవాడు అన్నీ ఆడాలి. వెళ్లాలని ఉందా అని బాబును కూడా అడగండి, హాస్టల్లో ఉండాల్సింది వాడు.

ప్రశ్న: ఎండాకాలంలో మా కాలనీ పిల్లలకు నెల రోజులు ఆటల క్యాంపు పెడుతున్నాం. జాగ్రత్తలు చెప్పండి.
– కాలనీ యువకులు, కాజీపేట

జవాబు: పొద్దున 5:30కు మొదలుపెట్టి 7:30కల్లా ఇళ్లకు పంపండి, సాయంత్రం ఆరు దాటాకే మళ్లీ. మొదటి వారం సగం ఆటే ఆడించండి, ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం పది రోజులు పడుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి విజిల్ వేసి నీళ్లు తాగించండి. మజ్జిగలో ఉప్పు వేసి ఇస్తే ఇంకా మంచిది, కూల్‌డ్రింకులు మాత్రం స్పాన్సర్ ఇచ్చినా వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కలపకూడదు. తల తిరుగుతోందని చెప్పిన పిల్లవాణ్ణి "నాటకాలు" అని మళ్లీ లైన్లో నిలబెట్టకండి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి విసరండి. మాట తడబడినా, తికమకగా చూసినా నోట్లో నీళ్లు పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా తడుపుతూనే ఉండండి.